గస్తీ నౌకల మీది ఫిరంగి గురించి గంజాం తీరం నుంచి

సంపాదకులకు నమస్కారాలు.

కోస్ట్‌గార్డ్ అని మనం పిలుచుకునే తీరరక్షక దళం గస్తీ నౌకల మీద ఫిరంగులు బిగించి ఉండాలా, వద్దా అన్న ప్రశ్నపై మీ పత్రిక ఉత్తరాల పేజీలో పక్షం రోజులుగా సాగుతున్న చర్చను మొదటి నుంచీ చదువుతున్నాను. ఆపదలో ఉన్నవాళ్లను ఒడ్డుకు చేర్చవలసిన సంస్థకు ఫిరంగి ఎందుకని, దాన్ని ఊడదీసి ఆ చోట ఇంకో రెండు రక్షక పడవలు పెట్టుకోవచ్చునని ఒక పాఠకుడు రాశారు. చైనా కోస్ట్‌గార్డ్ నౌకల మీద 76 మిల్లీమీటర్ల ఫిరంగులు ఉండగా మనవి 30 దగ్గరే ఆగిపోవడం నామోషీ అని మరొకరు రాశారు. ఇద్దరి మాటల్లోనూ కొంత పస ఉంది. కాని ఆ ఫిరంగి ఏడాది పొడుగునా ఎవరి కళ్ల ఎదుట తిరుగుతూ ఉంటుందో ఆ మనుషుల ఊసు రెండు ఉత్తరాల్లోనూ లేదు.

నేను ఒడిశాలోని గంజాం జిల్లావాడిని. జాలరి కుటుంబంలో పుట్టి, నాలుగు అక్షరాలు వంటబట్టడం వల్ల వలకు బదులు లెక్కల పుస్తకం పట్టుకుని, బరంపురంలో ఉద్యోగం చేసి విరమించుకున్నాను. ఇచ్ఛాపురం దాటాక బాహుదా నది సముద్రంలో కలిసే సోనాపూర్ మొదలుకొని గోపాల్‌పూర్, అర్జిపల్లి మీదుగా రుషికుల్య నది మొగ వరకు ఉన్న వేటపల్లెల్లో చాలా ఇళ్లలో మాట్లాడుకునేది తెలుగే. ఒడియావాళ్లు మమ్మల్ని నోలియాలంటారు. మా రేషన్ కార్డులు ఒడియాలో ఉంటాయి, బోటు కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి, గంగమ్మకు మొక్కుకునేది మాత్రం తెలుగులోనే. ఈ భాషల సంగతికీ ఫిరంగికీ సంబంధం ఉంది, అది తరువాత చెబుతాను.

చప్పుడుకు బెదిరి రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. గోపాల్‌పూర్‌లో సైన్యం వారి ఎయిర్ డిఫెన్స్ కళాశాల ఉంది. అక్కడి ఫైరింగ్ రేంజి నుంచి సముద్రం మీదికి గుళ్లు పేలుస్తూ సాధన చేస్తుంటారు. ఫలానా రోజున, ఫలానా వేళల్లో, ఇంత మేర సముద్రంలోకి వెళ్లవద్దని ముందే చెబుతారు కనుక, మావాళ్లు ఆ పూట వలలు ఇసుకలో పరుచుకుని చిరుగులు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. పూట వేట పోయిందన్న సణుగుడు ఉంటుంది గాని భయం ఉండదు. ఆ దుం దుం మోతల మధ్యనే పిల్లలు బడికి వెళతారు. ఎప్పుడు పేలుతుందో, ఎటు పేలుతుందో తెలిసిన ఫిరంగితో మాకు పేచీ లేదు.

నాలుగైదేళ్ల క్రితం ఒక కోస్ట్‌గార్డ్ నౌకను జనం చూడటానికి తెరిచినప్పుడు మనవడిని వెంటబెట్టుకుని వెళ్లాను. ముందు డెక్కు మీద ఫిరంగికి బూడిదరంగు టార్పాలిన్ తొడుగు వేసి, అడుగున తాడుతో బిగించి ముడివేశారు. ఒక నావికుడు ఆ ముడి విప్పి తొడుగును పైకి మడిచాడు. సన్నటి పొడవాటి గొట్టం, దాని కొసకు ఒక మూత, ముక్కుకు తగిలే గ్రీజు వాసన. పిల్లవాడు “ఇంతేనా తాతయ్యా?” అన్నాడు. 30 మిల్లీమీటర్లంటే గుండు అడ్డకొలత మూడు సెంటీమీటర్లు మాత్రమే. సైన్యపు సాయుధ శకటాల మీద ఉండే ఫిరంగినే నౌకకు తగినట్టు మార్చి మెదక్ ఆయుధ కర్మాగారంలో తయారు చేస్తున్నారు. నిమిషానికి వందల గుళ్లు పేలుస్తుంది, నాలుగు కిలోమీటర్ల దాకా గురి తప్పదు. కొన్ని నౌకల మీద 40 మిల్లీమీటర్ల బోఫోర్స్ ఉంటుంది. బోఫోర్స్ అనగానే మన పాఠకులకు గుర్తుకొచ్చే 155 మిల్లీమీటర్ల ఫిరంగి వేరు, ఇది రెండో ప్రపంచయుద్ధం కాలం నుంచీ ఓడల మీద ఉన్న రకం. ఇవి కాక 12.7 మిల్లీమీటర్ల భారీ మెషిన్‌గన్‌లు కొన్ని పెద్ద నౌకల మీదా, ఒడ్డుకు దగ్గరగా తిరిగే వేగపు ఇంటర్‌సెప్టర్ బోట్ల మీదా ఉంటాయి. తీరం వాళ్లు ఎక్కువగా ఆలోచించవలసింది ఈ చిన్నదాని గురించేనని నా అభిప్రాయం.

ఫిరంగిని తీసివేయాలన్న పాఠకుడితో మొదట నా విభేదం చెబుతాను. మన కోస్ట్‌గార్డ్ పుట్టిందే దొంగ రవాణాను ఆపలేక. సముద్రం మీద వేగపు పడవల్లో సాగుతున్న స్మగ్లింగును కస్టమ్స్ వారు అరికట్టలేకపోవడం వల్ల 1974లో రుస్తంజీ కమిటీ వేశారు. దాని సిఫార్సు మీద 1977 ఫిబ్రవరి 1న నౌకాదళం ఇచ్చిన కొద్దిపాటి ఓడలతో పని మొదలైంది, 1978లో చట్టం వచ్చింది. అడిగితే ఆగేవాళ్ల కోసమైతే ఇంత ఏర్పాటు అక్కరలేదు. 1999లో దొంగలు ఎత్తుకుపోయిన అలోండ్రా రెయిన్‌బో అనే జపాన్‌వారి ఓడ, సుమారు 7,000 టన్నుల అల్యూమినియం దిమ్మెలతో, పేరు మార్చుకుని మన పశ్చిమ తీరానికి దూరంగా దొరికింది. కోస్ట్‌గార్డ్ నౌక తారాబాయి ఆగమన్నది, హెచ్చరికగా పేల్చింది కూడా, అయినా అది ఆగలేదు. నౌకాదళపు ప్రహార్ వచ్చి కాల్పులు జరిపాక గాని నవంబరు 16న లొంగలేదు. అప్పటికే దొంగలు ఓడకు నిప్పంటించి ముంచివేయబోయారు. మన బంగాళాఖాతం సంగతే చూసినా, 2024 నవంబరులో అండమాన్ సముద్రంలో మయన్మార్ పడవ ఒకదానిలో ఐదు టన్నులకు పైగా మెథాంఫెటమైన్ పట్టుబడింది. అంత సరుకు మీద కూర్చున్నవాళ్లు చేతి రైఫిలు చూసి చేతులెత్తుతారని నేను నమ్మను. 200 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 370 కిలోమీటర్ల లోపలికి, ఒంటరిగా వెళ్లే నౌకకు సాయం రావడానికే గంటలు పడుతుంది. దాని మీద ఫిరంగి ఉండవలసిందే.

76 మిల్లీమీటర్లు కావాలన్నవారికి చెప్పవలసింది తక్కువ. చైనా, ఫిలిప్పీన్స్ నౌకల మధ్య జరుగుతున్నది దిబ్బలూ దీవులూ ఎవరివన్న తగాదా. అక్కడ కూడా వార్తల్లోకి ఎక్కుతున్నది ఫిరంగులు కాదు, నీటి ఫిరంగులు. యుద్ధానికి మనకు నౌకాదళం ఉంది. ఆ మాటకొస్తే 2020 సెప్టెంబరులో కువైట్ నుంచి మా పారాదీప్ రేవుకు సుమారు 2,70,000 టన్నుల ముడిచమురుతో వస్తూ శ్రీలంక తూర్పు తీరం దగ్గర నిప్పంటుకున్న న్యూ డైమండ్ ఓడను చల్లార్చడానికి మన కోస్ట్‌గార్డ్ నౌకలు వాడినవి నీరు చిమ్మే గొట్టాలే. ఆ చమురు సముద్రం పాలై ఉంటే మావంటి వేటపల్లెలు ఎన్ని తిండికి లేక కూర్చునేవో ఊహించడానికే భయం వేస్తుంది. పెద్ద గొట్టానికి డబ్బు ఉంటే అది ఇటు వైపు పెట్టమని నా మనవి.

ఇక అసలు విషయం. సముద్రం మీద పొరపాటున పేలిన తుపాకీకి బలైనవాళ్లు చాలాసార్లు చేపల వేటగాళ్లే. 2008 నవంబరులో ఏడెన్ సింధుశాఖలో సముద్రపు దొంగల ఓడ అనుకుని మన నౌకాదళపు తబర్ ముంచివేసినది, దొంగలు అప్పటికే పట్టుకున్న ఒక థాయిలాండ్ చేపల ఓడ అని తరువాత తేలింది. దాని సిబ్బందిలో ప్రాణాలతో దొరికినవాడు ఒక్కడే. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి ఎదురుగా ఎన్రికా లెక్సీ అనే ఇటలీ చమురు ఓడ మీది సైనికులు, దొంగలు వస్తున్నారనుకుని, ఇద్దరు భారతీయ జాలరులను కాల్చి చంపారు. ఆ వ్యవహారం 10 కోట్ల రూపాయల పరిహారంతో 2021లో గాని సుప్రీంకోర్టులో ముగియలేదు. 2021 నవంబరులో గుజరాత్‌కు ఆవల పాకిస్తాన్ సముద్ర భద్రతా సంస్థ జల్‌పరీ అనే మన చేపల బోటు మీద కాల్పులు జరిపి ఒకరిని చంపింది. ఈ మూడూ ఒక్క రకం తప్పులు కావు, నేను వాటిని ఒకే గాట కట్టడం లేదు. కాని మూడింటిలోనూ తూటా వచ్చి తగిలింది ఆయుధమేదీ లేని వేటగాడికి.

అనుమానించడం కూడా తప్పని అనలేను. 2008 నవంబరు 26న ముంబయి మీద దాడి చేసినవాళ్లు వచ్చింది పోర్‌బందరుకు చెందిన కుబేర్ అనే చేపల పడవలోనే, దాని మీది మనవాళ్లను చంపి. ఆనాటి నుంచి మా పడవలకు గుర్తింపు రంగులు వచ్చాయి, మెడలో గుర్తింపు కార్డులు వచ్చాయి, తీరం పొడుగునా మెరైన్ పోలీసు స్టేషన్లు పెరిగాయి. వీటిని మేము కాదనలేదు. మా బాధ వేరే చోట ఉంది.

నీళ్లలో వల ఉన్న పడవ ఎలా ప్రవర్తిస్తుందో గస్తీ తిరిగే ప్రతివారికీ తెలియాలి. సాయంత్రం వేసిన వల కిలోమీటర్ల పొడవున నీళ్లలో వేలాడుతూ ఉంటుంది, దాని ఒక కొస తాడు పడవకు కట్టి ఉంటుంది. ఆ సమయంలో పడవ వల వెంటనే ప్రవాహానికి కొట్టుకుపోతుంది. ఇంజన్ వేస్తే వల ప్రొపెల్లరుకు చుట్టుకుంటుంది. వల లాగడం మొదలుపెట్టినా అందరి చేతులూ తాడు మీదే ఉంటాయి, అది పూర్తయ్యేసరికి గంటలు గడుస్తాయి. అందువల్ల “దగ్గరికి రా” అన్నా రాలేరు, “దూరం పో” అన్నా పోలేరు, “చేతులెత్తు” అంటే తాడు వదిలేయాలి. దూరం నుంచి చూసేవారికి ఇది మొండితనంలా, కాదంటే దొంగతనంలా కనిపిస్తుంది.

ఆరేడేళ్ల క్రితం మా చిన్నాన్న కొడుకు, వరసకు నాకు తమ్ముడు, సరిగ్గా ఈ స్థితిలోనే చిక్కుకున్నాడు. చలికాలపు రాత్రి, ఫైబర్ బోటులో ఐదుగురు, వల నీళ్లలో ఉంది. ఒక గస్తీ పడవ దీపాలు ఆర్పుకుని వచ్చి ఒక్కసారిగా సెర్చిలైటు వేసింది. ఆ కాంతికి కళ్లు చెదిరి అది ఏ శాఖ పడవో వాళ్లు పోల్చుకోలేకపోయారు. మా తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో అటవీ శాఖ, మత్స్యశాఖ, మెరైన్ పోలీసులు, కోస్ట్‌గార్డ్ అందరూ తిరుగుతారు. మైకులో హిందీలో ఏదో అన్నారు. పడవ మీద ఒక్కడికి తప్ప ఎవరికీ హిందీ రాదు, ఆ ఒక్కడూ నిద్రలో ఉన్నాడు. అతణ్ణి లేపడానికి కుర్రవాడొకడు వంగి పరుగెత్తాడు. అవతలివాళ్ల కంటికి అది ఏదో తీయడానికో దాచడానికో వెళ్లినట్టు కనిపించి ఉండాలి, ముందు భాగంలో నిలబడ్డ మనిషి తుపాకీ మొనను పడవ వైపు తిప్పాడు. అది చూసి మా తమ్ముడు కత్తితో వల తాడు కోసి, చేతులు పైకెత్తి నిలబడ్డాడు. కార్డులు చూసి, పావుగంటలో పంపించివేశారు, ఎవరూ ఎవరినీ కొట్టలేదు, ఒక్క గుండూ పేలలేదు. మర్నాడంతా వెతికినా వల మాత్రం దొరకలేదు. ఆ వల మీద తెచ్చిన అప్పు తీర్చడానికి వాడు రెండేళ్లు సూరత్ వెళ్లి పనిచేశాడు. వాడు ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. నేనూ ఇప్పుడు చేయడం లేదు. తొడుగు తీసిన తుపాకీ పేలకుండానే ఎంత పని చేస్తుందో చెప్పడానికి మాత్రమే రాశాను.

ఇటువంటి చోట ఏం చేయాలో అంతర్జాతీయ న్యాయం ఎప్పుడో చెప్పింది. 1961లో ఫారో దీవుల దగ్గర డెన్మార్క్ యుద్ధనౌక ఒకటి రెడ్ క్రూసేడర్ అనే స్కాట్లండ్ చేపల ఓడ మీద కాల్పులు జరపగా, సరైన హెచ్చరిక లేకుండా నిజమైన గుళ్లు పేల్చి మనుషుల ప్రాణాలకు ముప్పు తేవడం హద్దు మీరడమేనని విచారణ సంఘం మరుసటి ఏడాది తేల్చింది. సైగా అనే చమురు ఓడ కేసులో హాంబర్గులోని అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానం 1999 జులై 1న ఇంకా స్పష్టంగా మెట్లు చెప్పింది. ముందు చూపుకూ చెవికీ అందే సంకేతాలతో ఆగమనాలి. ఆగకపోతే ఓడ ముందు నుంచి పోయేలా పేల్చడం వంటి హెచ్చరికలు చేయాలి. అవన్నీ విఫలమైనప్పుడే, చివరి మార్గంగా, అదీ మళ్లీ హెచ్చరించి, ప్రాణాలు పోకుండా సకల జాగ్రత్తలూ తీసుకుని బలం ప్రయోగించాలి. 1995లో కెనడావారు స్పెయిన్ ట్రాలర్ ఎస్తాయ్‌ని ఆపడానికి చేసింది ఇటువంటిదే, దాని ముందు నీళ్లలోకి మెషిన్‌గన్ పేల్చారు, అది ఆగింది. ఐస్‌లాండ్‌వారు 1972లో ఫిరంగిని అలా ఉంచి, బ్రిటిష్ ట్రాలర్ల వల తాళ్లను నీళ్ల కింద కోసే కొక్కెం ఒకటి వాడటం మొదలుపెట్టారు. వల పోయాక ట్రాలరుకు అక్కడ పని ఏముంటుంది! జాలరిగా నాకు ఆ ఉపాయం వింటేనే కడుపులో కలుక్కుమంటుంది గాని, మనిషి ప్రాణం కంటే వల ఎక్కువ కాదు.

చిక్కేమిటంటే, ఈ మెట్లన్నీ తుపాకీ వెనకున్నవాడికి నేర్పుతారు, ముందున్నవాడికి ఎవరూ చెప్పరు. రాత్రివేళ ఎర్రటి రాకెట్టు ఎగిరితే సముద్రం మీద దానికి అర్థం ఆపదలో ఉన్నాం, రండి అని. మా కుర్రాళ్లకు శిక్షణ తరగతుల్లో నేర్పింది అదే. హెచ్చరికగా ఎర్రని వెలుగు గుండు పేల్చితే మావాళ్లు ఎవరో మునిగిపోతున్నారనుకుని అటే వెళతారు, వెళ్లవలసిన ధర్మం కూడా అదే. ముందు నుంచి పోయిన తూటా ఆగమన్న హెచ్చరికో, తమ మీద పేల్చి గురి తప్పిందో చీకట్లో ఎలా తెలుస్తుంది? గురి తప్పిందనుకున్నవాడు పారిపోతాడు. పారిపోతే నేరం ఒప్పుకున్నట్టే లెక్క.

అందుకే నేను కోరేవి ఫిరంగి కొలతకు సంబంధించినవి కావు. దూర సముద్రంలో తిరిగే పెద్ద నౌకల మీద ఇప్పుడున్న ఫిరంగులు అలాగే ఉండనివ్వండి. కాని ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపల పడవలను తనిఖీ చేసే ఇంటర్‌సెప్టర్ బోట్ల మీది మెషిన్‌గన్‌కు, గట్టి సమాచారం ఉన్న సందర్భాల్లో తప్ప, తొడుగు వేసి, మొన పడవ వైపు తిరగకుండా ఉంచాలి. 12.7 మిల్లీమీటర్ల తూటా ఆరు కిలోమీటర్ల దూరం దాకా పోగలదు, నీళ్ల మీద పడి ఎగిరి ఇంకో దిక్కుకూ పోగలదు. మా ఫైబర్ పడవ ఒళ్లు అంగుళం మందం కూడా ఉండదు. పైగా ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు తాబేళ్ల కోసం రుషికుల్య మొగ దగ్గర 20 కిలోమీటర్ల మేర వేట నిషేధించే మాట నిజమే, మావాళ్లు కొందరు ఆ గీత దాటే మాటా నిజమే. పట్టుకోండి, కేసు పెట్టండి, బోటు స్వాధీనం చేసుకోండి. తాబేళ్లకు గుడ్లు పెట్టే చోటు మిగలాలని మేమూ కోరుకుంటాం. కాని అది మత్స్య చట్టం తప్పే గాని దేశద్రోహం కాదు. దానికి తుపాకీ మొన చూపించడం దోమ మీద రోకలి ఎత్తినట్టు ఉంటుంది.

రెండో కోరిక భాష. కోస్ట్‌గార్డ్ నావికులకు శిక్షణ ఇచ్చే ఐఎన్ఎస్ చిల్కా మాకు కూతవేటు దూరంలో, చిల్కా సరస్సు ఒడ్డునే ఉంది. దేశం నలుమూలల నుంచీ వచ్చే ఆ కుర్రాళ్లలో ఈ తీరానికి పంపేవాళ్లకు ఒక పది పన్నెండు తెలుగు మాటలు, అన్నే ఒడియా మాటలు నేర్పడం కష్టం కాదు. “వల నీళ్లలో ఉందా?”, “తాడు కోయవద్దు, అలాగే ఉండండి”, “మేము కోస్ట్‌గార్డ్, కార్డులు చూస్తాం” అని మైకులో ముందే రికార్డు చేసి పెట్టుకున్నా చాలు. తుపానుకు ముందు ఇదే నౌకలు తీరం పొడుగునా తిరుగుతూ వెనక్కి రండని మైకుల్లో పిలుస్తాయి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటిందని గుర్తు చేసుకుంటే ఆ పిలుపు విలువ తెలుస్తుంది. ఆ పిలుపు తెలుగులో వినిపిస్తే మావాళ్లు ఎంత త్వరగా తిరుగుతారో చెప్పనక్కరలేదు. 1978 చట్టంలో కోస్ట్‌గార్డ్ విధులు చెప్పే 14వ సెక్షనులో, జాలరులకు రక్షణ, ఆపదలో సహాయం అన్నది పేరు పెట్టి రాసిన విధి. మాతో మాట్లాడగలగడం ఆ విధిలో భాగమేనని నేననుకుంటాను.

మూడోది లెక్క. పేల్చిన ప్రతి హెచ్చరిక తూటాకూ తేదీ, చోటు, కారణం రాసి, దేశభద్రతకు భంగం లేనంతవరకు ఏడాదికోసారి బయటపెట్టాలి. 2014 డిసెంబరు 31 రాత్రి పోర్‌బందరుకు 365 కిలోమీటర్ల ఆవల ఒక అనుమానాస్పద పడవ పేలిపోయినప్పుడు, వెంటాడిన రాజ్‌రతన్ నౌక హెచ్చరికగా మాత్రమే పేల్చిందని, పడవలోనివాళ్లే నిప్పు పెట్టుకున్నారని ప్రభుత్వం చెప్పింది. కొద్ది వారాల తరువాత ఒక పెద్ద అధికారి దాన్ని పేల్చివేయమన్నది తానేనని అన్నట్టు వార్త వచ్చింది, ప్రభుత్వం ఖండించింది, ఆ అధికారి ఉద్యోగం పోయింది. లెక్క జనం ముందు ఉండి ఉంటే ఆ గందరగోళానికి చోటే ఉండేది కాదు. అప్పట్లో మా రేవులో దాని గురించి అల్లిన కథలు ఇక్కడ రాస్తే మీ పేజీ చాలదు.

సోనాపూర్‌లో పడవలు లాగే చోట వేట నిషేధం తేదీలు రాసిన రేకు బోర్డు ఒకటి ఉంది. ఆగమన్న సంకేతాలేమిటో, ఆగకపోతే ఏ మెట్టు తరువాత ఏ మెట్టు వస్తుందో, వల నీళ్లలో ఉన్నప్పుడు దీపం ఎలా చూపాలో తెలుగులోనూ ఒడియాలోనూ పెద్ద అక్షరాలతో రాయడానికి దాని కింద సగం రేకు ఖాళీగా ఉంది. సంబంధిత అధికారులు అనుమతిస్తే రంగు ఖర్చు మా పల్లెవాళ్లమే పెట్టుకుంటాం.

ఇట్లు,
మీ పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా